వెనక చక్రం గేర్లు ఇంట్లోనే విప్పడం ఎలా: ఫ్రీవీల్, క్యాసెట్ రెండూ

వెనక చక్రంలో గేర్ల వైపు స్పోకు విరిగితే గేర్లు విప్పకుండా కొత్తది ఎక్కించలేరు. స్పోకు తల దూరే కన్నం పెద్ద గేరు వెనకే ఉంటుంది. పైగా ఎక్కువగా విరిగేవి ఆ వైపు స్పోకులే. గేర్లకు చోటివ్వడానికి హబ్ (చక్రం నడుమ ఇరుసు దూరే భాగం) కుడి అంచును లోపలికి జరిపి తయారుచేస్తారు. అందువల్ల కుడివైపు స్పోకులు నిలువుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. చైను ఎప్పుడైనా పెద్ద గేరు దాటి లోపలికి పడి ఉంటే స్పోకుల మోచేతుల దగ్గర కోసుకుపోయి ఇంకాస్త బలహీనపడతాయి. స్పోకులే కాదు, హబ్‌లో గ్రీజు మార్చాలన్నా, అరిగిన పళ్ళు మార్చాలన్నా ముందు గేర్లు ఊడి రావాలి.

చెన్నైలో ఇంకో కారణం కూడా ఉంది. బెసంట్ నగర్, తిరువాన్మియూర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వెంట ఉండేవాళ్ళ సైకిళ్ళకు ఏడాది పొడవునా ఉప్పుగాలి తగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన. ఉక్కు ఫ్రీవీలు (హబ్ మీద బిగించే గేర్ల ముద్ద), అల్యూమినియం హబ్ కలిసే చోట ఉప్పు తడి చేరితే ఆ రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. అందుకే ఏ రిపేరూ లేకపోయినా ఏడాదికొకసారి విప్పి, గ్రీజు రాసి బిగించుకోవడం మంచిది. మూడేళ్ళు వదిలేసిన ఫ్రీవీలుతో పడే కుస్తీ దానివల్ల తప్పుతుంది.

మొదట వెనక చక్రం ఊడదీయడం

చైనును వెనక అన్నిటికన్నా చిన్న గేరు మీదికి తెచ్చుకోండి. వి-బ్రేకైతే కేబులు వంపు గొట్టాన్ని పక్కకు తప్పించి బ్రేకు విడదీయండి. డిస్క్ బ్రేకైతే చక్రం బయటికొచ్చాక లివరు నొక్కకండి. ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క దూర్చి ఉంచండి, లేకపోతే హైడ్రాలిక్ బ్రేకు ప్యాడ్లు దగ్గరికి అంటుకుపోతాయి. ఇరుసుకు నట్లుంటే 15 మిల్లీమీటర్ల స్పానరు పట్టాలి. క్విక్ రిలీజ్ ఉంటే లివరు తెరిచి, అవతలి నట్టు నాలుగు చుట్లు వదులు చేస్తే చాలు. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. చైనును గేరు నుంచి గేరుకి మార్చే వెనక డిరైలరును చేత్తో వెనక్కి లాగి పట్టుకుంటే చక్రం దానంతటదే కిందికి జారుతుంది.

టైరు, ట్యూబు విప్పొద్దు, గాలి తీయొద్దు. తర్వాత చక్రాన్ని గట్టిగా పట్టుకోవడానికి ఆ టైరే మీకు పట్టు.

మీ గేర్లు ఏ రకం

ఇక్కడ పొరబడితే తర్వాతి పనంతా తప్పుతుంది కాబట్టి దీనికి రెండు నిమిషాలు ఎక్కువే పెట్టండి.

ఫ్రీవీలంటే గేర్లు, టిక్ టిక్ మనే మెకానిజం అంతా ఒకే ముద్ద. దాన్ని హబ్ మీదున్న థ్రెడ్డుకి మూతలాగా తిప్పి బిగిస్తారు. క్యాసెట్‌లో ఆ టిక్ టిక్ మెకానిజం హబ్‌లోనే ఉంటుంది. హబ్‌కున్న గాడుల గొట్టం మీదికి గేర్లు జారి కూర్చుంటాయి. చివర్లో ఒక లాక్ రింగు వాటిని పట్టి ఉంచుతుంది.

తేడా కనిపెట్టడానికి చక్రాన్ని ఒక చేత్తో పట్టుకుని గేర్లను వెనక్కి, టిక్ టిక్ మనే దిశలో, తిప్పండి. ఇరుసు చుట్టూ, చిన్న గేరుకి లోపలగా, సన్నటి పళ్ళ వరస కనిపిస్తుంది. పనిముట్టు దూరేది అందులోకే. గేర్లతో పాటు ఆ పళ్ళ వరస కూడా తిరిగితే క్యాసెట్. గేర్లు తిరుగుతున్నా అది కదలకుండా ఉంటే ఫ్రీవీలు. చాలా క్యాసెట్ల లాక్ రింగు మీద బిగించే దిశకు బాణం గుర్తు, 40 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు, బిగువు కొలత) అన్న అంకె కూడా ఉంటాయి.

అంకెలతోనూ కొంత ఊహించవచ్చు. ఆరు, ఏడు గేర్ల సైకిళ్ళలో ఎక్కువ భాగం ఫ్రీవీళ్ళే, చిన్న గేరుకి 14 పళ్ళుంటాయి. చిన్న గేరుకి 11 పళ్ళుంటే చాలావరకు క్యాసెట్. కానీ ఎనిమిది, తొమ్మిది గేర్ల ఫ్రీవీళ్ళు కూడా మార్కెట్లో ఉన్నాయి. అందుకే లెక్క చూసి సరిపెట్టుకోకండి, తిప్పి చూసిందే నమ్మండి.

ఈ రెండు రకాలు ఎందుకొచ్చాయంటే కారణం ఇరుసులో ఉంది. జపాను సైకిల్ భాగాల కంపెనీ షిమానో 1921లో మొదలుపెట్టింది ఫ్రీవీలుతోనే. ఆ రకం హబ్‌లో కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది. గేర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఇరుసులో ఆధారం లేని భాగం పెరిగి, బరువుకి వంగడం, విరగడం ఎక్కువైంది. 1978లో అదే కంపెనీ తెచ్చిన ఫ్రీహబ్‌లో, అంటే క్యాసెట్ ఎక్కే హబ్‌లో, బేరింగు అంచుకి జరిగింది. మీది ఏడు గేర్ల ఫ్రీవీలై, మీ బరువు కాస్త ఎక్కువై, చక్రం ఊగినట్టు తిరుగుతుంటే, గేర్లు విప్పినప్పుడు ఇరుసు వంగిందేమో తప్పకుండా చూసుకోండి.

పనిముట్లు

షిమానో రకం ఫ్రీవీలుకి 12 పళ్ళ రిమూవరు కావాలి: షిమానోలో టీఎల్-ఎఫ్‌డబ్ల్యూ30, పార్క్ టూల్‌లో ఎఫ్‌ఆర్-1.3. క్యాసెట్ లాక్ రింగుకి కూడా 12 పళ్ళదే, కానీ వేరేది: టీఎల్-ఎల్‌ఆర్15 లేదా ఎఫ్‌ఆర్-5.2. రెండూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి, వ్యాసంలో తేడా అర మిల్లీమీటరు లోపే. క్యాసెట్‌ది ఫ్రీవీలులోకి దిగదు. ఫ్రీవీలుది క్యాసెట్‌లోకి దిగుతుంది కానీ వదులుగా ఆడి, బలం పెట్టగానే జారి పళ్ళు కొరికేస్తుంది. పాత రకం ఫ్రీవీళ్ళకు 12 పళ్ళకు బదులు రెండో నాలుగో గాడులుంటాయి. అంబత్తూరులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్ వాళ్ళ హెర్క్యులిస్, బీఎస్‌ఏ లాంటి గేర్లు లేని పాత బళ్ళకు ఉండే ఒంటి ఫ్రీ కూడా గాడుల రకమే. గాడుల వెడల్పు, మధ్య దూరం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ప్యారీస్ కార్నర్ వైపు దుకాణాల్లో అడిగేటప్పుడు పేరు చెప్పి ఊరుకోకండి, చక్రం పట్టుకెళ్ళి అక్కడే దింపి చూసుకోండి.

మామూలు రిమూవరుకి కొన్ని వందల రూపాయలవుతుంది. మెత్తటి ఇనుముతో చేసినది కొనకండి, దాని పళ్ళు ఒక్కసారికే గుండ్రమవుతాయి. కొనేముందు గోడ మందం కూడా చూడండి. హబ్ లాక్ నట్టు లావుగా ఉంటే మందపాటి గోడున్న రిమూవరు దాని మీదుగా లోపలికి దిగదు. పల్చటి గోడున్నది వెతుక్కోవాలి, లేదంటే ముందు ఆ నట్టు విప్పాలి.

వీటితో పాటు 12 అంగుళాల అడ్జస్టబుల్ స్పానరు లేదా బల్లకు బిగించిన వైస్, గ్రీజు, తుప్పు వదిలించే నూనె, పాత టూత్‌బ్రష్ దగ్గర పెట్టుకోండి. క్యాసెట్‌కైతే గేర్లు తిరగకుండా పట్టి ఉంచే చైన్ విప్ కూడా కావాలి. అది దొరక్కపోతే వీధిలోని వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు: అడుగు పొడవున్న ఇనప పట్టీ చివర ఒక అడుగు పాత చైను ముక్క, దానికి కాస్త వెనగ్గా పట్టీ అంచున రెండు మూడు లింకుల పొట్టి ముక్క. పొడవు ముక్క గేరును చుట్టుకుంటుంది, పొట్టిది పళ్ళలో కూర్చుని పట్టీని జారనివ్వదు.

ఫ్రీవీలు విప్పడం

పళ్ళ వరసలో పేరుకున్న మట్టి, గట్టిపడిన గ్రీజు టూత్‌బ్రష్‌తో, డీజిల్‌తో పూర్తిగా తీసేయండి. అడుగున రవంత మట్టి ఉన్నా రిమూవరు సగమే దిగుతుంది, సగం దిగినది బలానికి జారుతుంది. క్విక్ రిలీజ్ ఉంటే దాని కడ్డీ మొత్తం బయటికి లాగండి. రిమూవరును పూర్తిగా అడుగుదాకా దింపి, కడ్డీని స్ప్రింగులు లేకుండా మళ్ళీ దూర్చి, దాని నట్టుతో రిమూవరును హబ్‌కు అదిమి పట్టండి. నట్ల ఇరుసైతే అదే 15 మిల్లీమీటర్ల నట్టు వాడండి. ఎక్కువ బిగించాల్సిన పని లేదు. రిమూవరు పక్కకి ఒరిగి బయటికి జారకుండా ఉండటానికే ఇది. ఈ ఒక్క పని మానేయడం వల్లే ఎక్కువ ఫ్రీవీళ్ళ పళ్ళు పాడవుతాయి.

వైస్ ఉంటే పని తేలిక. రిమూవరు తలను వైస్‌లో బిగించి, చక్రం దాని మీద గేర్లు కిందికి ఉండేలా పడుకోబెట్టండి. పైనుంచి చూస్తూ రిమ్మును ఎదురెదురుగా రెండు చేతులతో పట్టుకుని, బస్సు స్టీరింగును ఎడమకు తిప్పినట్టు తిప్పండి. ఫ్రీవీలు తొక్కినకొద్దీ తనంతట తానే బిగుసుకుంటుంది. అందువల్ల మొదటి కదలికకే బలమంతా కావాలి. రిమ్మంత పెద్ద చక్రమే మీ చేతిలో మీట కాబట్టి స్పానరు కన్నా ఇలా తేలిగ్గా వస్తుంది.

వైస్ లేని ఇంట్లో చక్రాన్ని నిలబెట్టి, గేర్లు మీ వైపు పెట్టుకోండి. చక్రం ఎడమ అంచు గోడకు ఆనాలి. స్పానరు పిడి గోడవైపు, అంటే ఎడమకు, అడ్డంగా ఉండేలా రిమూవరుకు తగిలించి, పిడిని కిందికి నొక్కండి. చక్రం దొర్లబోయేది గోడవైపే కాబట్టి అక్కడే ఆగిపోతుంది. చాలకపోతే పిడికి రెండడుగుల ఇనప పైపు తొడగండి. పైపు జారితే వేళ్ళు స్పోకుల మధ్యకి వెళతాయి, చేతికి మందపాటి గ్లవ్స్ లేకుండా నొక్కకండి.

కటక్కుమని వదులవుతుంది. అర చుట్టు తిరిగాక ఆగి, ఇరుసు నట్టు లేదా కడ్డీ తీసేయండి. ఇది మర్చిపోకూడదు. ఫ్రీవీలు బయటికి వచ్చేకొద్దీ రిమూవరు ఆ నట్టుకే ఒత్తుకుంటుంది, ఇంకా తిప్పితే కడ్డీ వంగడమో ఇరుసు థ్రెడ్డు చెడటమో జరుగుతుంది. మిగతాది చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. వెనకనున్న ప్లాస్టిక్ పళ్ళెం, పల్చటి వాషర్లు ఉంటే ఏది ఎటు వైపున్నదో చూసి పక్కన పెట్టండి.

కదలకపోతే

ఇంకా బలం పెట్టడానికి ముందు నూనెకు టైమివ్వండి. చక్రాన్ని గేర్లు కిందికి పడుకోబెట్టి, స్పోకుల మధ్యనుంచి, పెద్ద గేరు వెనక హబ్ ఫ్రీవీలులోకి దూరే సందులో తుప్పు నూనె పొయ్యండి. పైనుంచి పోస్తేనే అది థ్రెడ్డులోకి దిగుతుంది, గేర్ల ముఖం మీద ఎంత కొట్టినా లోపలికి చేరదు. డిస్క్ ఉంటే ముందే విప్పి పక్కన పెట్టండి, దానికి నూనె తగిలితే బ్రేకు పట్టదు. రాత్రంతా అలా వదిలేసి, పొద్దున రబ్బరు సుత్తితో పెద్ద గేరు మీద కాకుండా రిమూవరు తల మీద నాలుగు దెబ్బలు కొట్టి మళ్ళీ ప్రయత్నించండి.

2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులో వేలచ్చేరి, పల్లికరణై వైపు నీళ్ళలో మునిగిన సైకిళ్ళలాంటి వాటికి రెండు మూడు రాత్రులు కూడా పట్టవచ్చు. అప్పటికీ రాకపోతే కారు టైర్ల షాపులో నట్లు విప్పే గాలి గన్నుతో చిన్న చిన్న దఫాలుగా కొట్టించండి. గ్యాసు మంట మాత్రం పెట్టకండి. అల్యూమినియం హబ్ మెత్తబడుతుంది, లోపలి గ్రీజు కాలిపోతుంది.

రిమూవరు దూరే పళ్ళే గుండ్రమైపోతే ఫ్రీవీలును బలి ఇవ్వక తప్పదు. దాని ముఖం మీద రెండు చిన్న గుంటలున్న రింగు ఉంటుంది. గుంటలో పంచ్ ఆనించి సుత్తితో కొట్టి గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పండి, దాని థ్రెడ్డు తిరగేసి ఉంటుంది. రింగు వస్తే గేర్ల ముద్ద ఊడి, ఎనిమిదో వంతు అంగుళం గుండ్లు డజన్లకొద్దీ నేలమీద దొర్లుతాయి, కింద పళ్ళెం పెట్టుకోండి. లోపలి కుదురు ఒక్కటే మిగులుతుంది. దాన్ని వైస్‌లో గట్టిగా పట్టి రిమ్మును ఎప్పటిలాగే ఎడమకు తిప్పితే వస్తుంది. కళ్ళకు అద్దాలు పెట్టుకునే ఈ పని చెయ్యండి.

రిమ్ము మార్చబోయేవాళ్ళకు ఒక మాట. స్పోకులు ముందు కోసేసి, తర్వాత ఫ్రీవీలు సంగతి చూద్దామనుకోకండి. రిమ్ము పోతే మీట పోయినట్టే. ఒట్టి హబ్‌ను పట్టుకుని తిప్పడానికి ఏమీ ఉండదు.

క్యాసెట్ విప్పడం

దీనికి ఇంత బలం అక్కర్లేదు. లాక్ రింగు తొక్కుడుకి బిగుసుకోదు, బిగించినంతే ఉంటుంది. గేర్లు మీ వైపు పెట్టుకుని చక్రాన్ని నిలబెట్టండి. రిమూవరు దింపి, దానికి స్పానరు ఎడమవైపు, పది గంటల స్థానంలో తగిలించండి. చైన్ విప్‌ను పెద్ద గేర్లలో ఒకదానికి చుట్టి, పిడి కుడివైపు, రెండు గంటల స్థానంలో ఉండేలా పెట్టండి. రెంటినీ ఒకేసారి కిందికి నొక్కండి. చైన్ విప్ పళ్ళ మీద జారుతుంటే తిరగేసి చుట్టినట్టు. విప్ లేకుండా ఎంత తిప్పినా గేర్లు టిక్ టిక్ మంటూ తిరుగుతాయే తప్ప రింగు కదలదు.

లాక్ రింగు వదులయ్యేటప్పుడు కరకరమని చప్పుడొస్తుంది. రింగు వెనకున్న నొక్కులు చేసే చప్పుడది, ఏదీ విరగలేదు. రింగు తీశాక చిన్న గేర్లు ఒకటొకటిగా, పెద్దవి సాధారణంగా రివెట్లు కొట్టిన ఒకే గుత్తిగా బయటికొస్తాయి. మధ్యలో స్పేసర్లుంటాయి. వచ్చిన వరసలోనే ఒక తీగకు గుచ్చి ముడేయండి. గేర్లు గొట్టం మీద ఇరుక్కుంటే భయపడకండి. అల్యూమినియం గొట్టాల్లోకి ఉక్కు గేర్ల అంచులు కొరుక్కుపోవడం మామూలే. ఒక్కొక్క గేరును వెనకదిశలో మెల్లగా తట్టి లాగితే వస్తుంది. గొట్టం మీద లేచిన అంచుల్ని చిన్న ఆకురాయితో సమం చెయ్యండి.

విప్పాక చూడాల్సినవి

ముందు చైను కొలవండి. 24 లింకుల పొడవు కొత్తదైతే సరిగ్గా 12 అంగుళాలు. స్టీలు స్కేలు సున్నా ఒక పిన్ను మధ్యలో పెడితే 12వ అంగుళం దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. ఆ పిన్ను 12 అంగుళాల గీతను పదహారో వంతు అంగుళం దాటి ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటి ఉంటే గేర్లు కూడా అరిగిపోయినట్టే. అలాంటి గేర్ల మీద కొత్త చైను వేస్తే గట్టిగా తొక్కగానే జారిపోతుంది. ఆరు, ఏడు, ఎనిమిది గేర్లకు ఒకే వెడల్పు చైను సరిపోతుంది.

కొత్త ఫ్రీవీలు కొనేటప్పుడు గేర్ల సంఖ్యతో పాటు పళ్ళ సంఖ్య కూడా పాతదానితో సరిచూడండి. 14-28 (చిన్న గేరుకి 14, పెద్దదానికి 28 పళ్ళు) ఉన్నచోట 14-34 పెడితే చాలా డిరైలర్లకు అది అందదు. చెన్నైలో మనం ఎక్కే ఎత్తులు కత్తిపారా లాంటి ఫ్లై ఓవర్లే కాబట్టి చాలామందికి 28 చాలు.

పాతదే వాడుకుంటే కడిగాక దాన్ని ఆరబెట్టి వదలకండి. కదిలే భాగానికీ కదలని భాగానికీ మధ్య సన్నటి గీతలాంటి సందులో మెషీన్ ఆయిలు ఐదారు చుక్కలు వేసి తిప్పండి. గ్రీజు మాత్రం అందులోకి ఎక్కించకండి. లోపలి చిన్న నాలుకలు గ్రీజులో అతుక్కుపోతే తొక్కినా పట్టక పెడలు ఒట్టిగా తిరుగుతుంది. కొత్త ఫ్రీవీలులోనైనా కాస్త ఊగులాట సహజమే, దానికోసం విప్పకండి.

హబ్ తెరిస్తే మామూలు కోన్ రకం వెనక హబ్‌లో వైపుకి తొమ్మిది, పావు అంగుళం గుండ్లు ఉంటాయి. స్పోకు కొనేటప్పుడు విరిగినదాన్నే నమూనాగా తీసుకెళ్ళండి. కుడి, ఎడమ పొడవులు వేరు.

తిరిగి బిగించడం

ఫ్రీవీలైతే హబ్ థ్రెడ్డు గుడ్డతో తుడిచి, చుట్టూ గ్రీజు ధారాళంగా రాయండి. ఉక్కు ఫ్రీవీలు మెత్తటి అల్యూమినియం థ్రెడ్డును క్షణంలో కోసేస్తుంది కాబట్టి మొదలు జాగ్రత్త. ముందు వెనక్కి, అంటే విప్పే దిశలో, నెమ్మదిగా తిప్పండి. థ్రెడ్డు కొసలు కలిసినచోట చిన్నగా జారి కూర్చున్నట్టు తెలుస్తుంది. అక్కడినుంచి బిగించే దిశలో చేత్తోనే తిప్పండి. మూడు నాలుగు చుట్లు చేతి వేళ్ళతో తేలిగ్గా పోవాలి. మొదటి చుట్టులోనే బిగువనిపిస్తే వంకరగా పట్టినట్టు, వెంటనే వెనక్కి తీయండి. చివర రిమూవరుతో కాస్త బిగిస్తే చాలు, మిగతా బిగువు తొక్కుడు చూసుకుంటుంది.

క్యాసెట్‌కైతే గొట్టం మీద పల్చగా గ్రీజు రాసి, వెడల్పు తేడాగా ఉన్న గాడి గేర్ల మీదిదానితో కలిసేలా చూసి ఎక్కించండి, అవి ఒక్క దిశలోనే కూర్చుంటాయి. ఏడు గేర్ల క్యాసెట్‌ను ఎనిమిది, తొమ్మిది గేర్ల గొట్టం మీద వేస్తుంటే ముందు 4.5 మిల్లీమీటర్ల స్పేసరు వేయాలి, లేకపోతే రింగు బిగిసినా గేర్లు ఆడతాయి. లాక్ రింగు 40 ఎన్‌ఎం అంటే అడుగు పొడవు స్పానరు చివర సుమారు 13 కిలోల బరువు పెట్టినంత. బిగించాక గేర్లను చేత్తో ఊపి చూడండి, టకటకమనకూడదు.

చక్రం ఎక్కించాక సైకిలును ఎత్తి పట్టుకుని పెద్ద గేరు దాకా మెల్లగా మార్చి చూడండి. చైను స్పోకులవైపు పోబోతుంటే వెనక డిరైలరు మీద ఎల్ అని రాసున్న స్క్రూ పావు చుట్టు బిగించండి. కొత్త ఫ్రీవీలు మొదటి ఐదారు కిలోమీటర్లలో తొక్కుడుకి ఇంకాస్త బిగిసి లోపలికి జరుగుతుంది. అందుకని గేర్ల కేబులు సర్దుబాటు ఆ తర్వాతే చేసుకోండి.